వాంపైర్ సర్వైవర్స్‌లో గెలుపు లక్కా, ఆడే తీరా? గవ్వలాట తెలిసినోడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ: గుంపులుగా మీదపడే శత్రువుల మధ్య 30 నిమిషాలు బతకాల్సిన వీడియో గేమ్ వాంపైర్ సర్వైవర్స్‌ను పాత ల్యాప్‌టాప్‌లో 20 సార్లు ఆడినావు, ఆ 30 నిమిషాల గీత దాటింది 2 సార్లే. కావాల్సిన ఐటెమ్ వచ్చిన రోజు గెలిచినావు, రాని రోజు చచ్చిపోయినావు. హాస్టల్లో నీ రూమ్మేట్ మాత్రం అదే ఆటలో పదికి ఏడు లాగేస్తున్నాడు. "అంతా లక్కేనా అన్నా, ఆటలోని షాపులో అదృష్టం పెంచే లక్ పవరప్ మీద గోల్డ్ అంతా పోసేద్దామా?" అని అడిగినావు.

నేను అనంతపురంలో పదేళ్లు నెట్ సెంటర్ నడిపినా. ఇప్పుడు చిన్న చిన్న ఆటలు సొంతంగా రాస్తుంటా. సర్వైవల్ ఆటలు, అంటే చివరిదాకా ప్రాణం నిలబెట్టుకోవాల్సినవి, రెండు పూర్తి చేసినా; రెండిటి మీద వచ్చిన డబ్బులు కలిపినా ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు రాదు. ఆ మాత్రం అర్హతతో చెప్తున్నా.

ఏదో ఒక ఆట తీసుకుంటే అందులో లక్ వాటా బాగానే ఉంటుంది. నీకూ నీ రూమ్మేట్‌కూ ఉన్న తేడాలో మాత్రం అది దాదాపు లేదు. ఎట్లాగో చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి.

మా అవ్వది బుక్కరాయసముద్రం. ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద సుద్దతో 25 గడులు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్లు. నాలుగు గవ్వలు, చింతపిక్కలు, పగిలిన గాజుముక్కలు కాయలు. ఆమె ఓడిపోవడం నేను చూసింది తక్కువ. వీధిలో అందరూ "నీ చెయ్యి మంచిది" అనేవాళ్లు. నేనూ అట్లనే నమ్మినా. ఒకరోజు నేను కాయ జరపబోతుంటే నా మణికట్టు పట్టుకుంది. "దానికి రెండిండ్ల ముందర నిలబడతావేమిరా, సచ్చేదానికా? నాలుగిండ్లు దూరం పో, లేకుంటే దాని ఎనకాలే ఉండు" అనింది. ఎందుకవ్వా అంటే చెప్పల్య. అంతే అనింది.

ఇంజనీరింగ్‌లో ప్రాబబిలిటీ పేపరు వచ్చినప్పుడు ఆ మాట గుర్తొచ్చి లెక్క వేసినా. గవ్వ వెల్లకిలా పడేదీ బోర్లా పడేదీ సమానం అనుకుంటే నాలుగు గవ్వలు 16 రకాలుగా పడతాయి. అందులో రెండు పడేవి 6 రకాలు. ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. చెమ్మాకు (నాలుగుకు) 1, అష్టాకు (ఎనిమిదికి) 1. అంటే ఎదుటివాడి కాయకు రెండిళ్ల ముందర నిలబడితే వాడు ఒక్కసారి వేసే గవ్వల్లోనే నేను చచ్చే అవకాశం 16లో 6. నాలుగిళ్ల అవతల నిలబడితే 16లో 1. రెండిళ్లు అటో ఇటో, చావు ఆరింతలు తగ్గింది. నిజానికి గవ్వలు అంత సమానంగా పడవు, ఒక్కో గవ్వ వీపు ఒక్కో తీరు. ఆ తేడా కూడా అవ్వకు తెలుసేమో, తన గవ్వలు తప్ప వేరేవాళ్లవి ముట్టేది కాదు.

వైకుంఠపాళిలో నువ్వు చేసేదేం లేదు, పాము నోట్లో పడితే జారడమే. పులిజూదంలో 3 పులులు, 15 మేకలు, అదృష్టానికి చోటే లేదు. మన సర్వైవల్ ఆటలన్నీ ఈ రెండింటి నడుమ, అష్టాచెమ్మా ఉన్న వీధిలోనే ఉంటాయి. గవ్వలు నీ చేతిలో లేవు. గవ్వలు పడేసరికి నీ కాయ ఎక్కడ ఉందన్నది నీ చేతిలో ఉంది.

ఆటలు రాసేవాళ్లం ఇంకొకటి చూస్తాం. పాచిక నువ్వు నిర్ణయం తీసుకోకముందే పడుతుందా, తీసుకున్నాక పడుతుందా? ఒకే స్టూడియో రెండు ఆటలు పక్కపక్కన పెట్టి చూడు. సబ్‌సెట్ గేమ్స్ వాళ్లు 2012లో ఎఫ్‌టీఎల్ అనే అంతరిక్ష ఓడల ఆట విడుదల చేసినారు. అందులో నువ్వు శత్రువు ఓడ మీదికి లేజర్ వదులుతావు. తగిలిందా, పక్కనుంచి పోయిందా అన్నది వదిలినాక తెలుస్తుంది. అదే వాళ్లు 2018లో ఇంటూ ది బ్రీచ్ అనే గడుల ఆట తెచ్చినారు. అక్కడ శత్రువు ఏ గడిని కొట్టబోతున్నాడో ముందే గీసి చూపిస్తారు. నువ్వు కొట్టిన దెబ్బ తప్పిపోవడం ఉండదు. బిల్డింగు మీద పడిన దెబ్బ ఊరికే పోయే చిన్న ఛాన్స్ ఒకటి ఉంటుంది, అదీ నీకు మేలు చేసేదే. ఓడిపోయినప్పుడు మొదటి ఆటను తిడతాం, రెండోదాంట్లో మనల్ని మనం తిట్టుకుంటాం. అయినా ఎఫ్‌టీఎల్‌ను హార్డ్‌లో పెట్టి వరసగా గెలుచుకుంటూ పోయేవాళ్లు ఉన్నారు. నాలుగు లేజర్లలో రెండు తప్పినా పని జరిగేటట్టు ఓడను తయారు చేసుకుంటారు కాబట్టి.

ఇప్పుడు నీ ఆటకొస్తా. దాన్ని రాసిన లూకా గాలాంటే అంతకుముందు స్లాట్ మెషీన్ల రంగంలో పనిచేసినవాడు. బాస్‌ను (పెద్ద శత్రువును) చంపితే దొరికే పెట్టె తెరిచినప్పుడు ఆ లైట్లు, ఆ పాట, ఐటెమ్‌లు ఒకటా మూడా ఐదా అని ఊరించడం, అదంతా ఆ చేతి అలవాటే. నీకు లక్ ఆడుతున్నట్టు అనిపించడంలో వింతేం లేదు, అట్లా అనిపించేటట్టే కట్టినారు. కానీ ఆ మెరుపుల కింద ఉన్న యంత్రాన్ని చూడు. లెవెల్ పెరిగినప్పుడల్లా మూడు ఐటెమ్‌లు ముందర పెడుతుంది, లక్ ఎక్కువుంటే నాలుగోది కూడా రావచ్చు. ఎంచుకునేది నువ్వు. అంటే పాచిక ముందు పడింది, నిర్ణయం తర్వాత. అవ్వ ఆట కంటే నీకు ఇక్కడ చేయి ఎక్కువుంది.

నువ్వు రాసిన ఓటమి ఒకటి తీసుకుందాం. ఆంటోనియో అనే పాత్రతో కొరడా పట్టుకుని మొదలుపెట్టినావు. దాన్ని బ్లడీ టియర్ అనే బలమైన ఆయుధంగా మార్చాలంటే హాలో హార్ట్ అనే పాసివ్ (ఆయుధం కాకుండా తోడుండి బలమిచ్చే ఐటెమ్) కావాలి. "హాలో హార్ట్ రాలేదన్నా, 17వ నిమిషంలో పోయినా" అన్నావు. సరే. మరి అప్పటికి నీ కొరడా ఏ లెవెల్? 5 అని నువ్వే రాసినావు. మారాలంటే 8 కావాలి కదప్పా! హాలో హార్ట్ మూడో నిమిషంలోనే వచ్చినా ఆ పెట్టెలో బ్లడీ టియర్ వచ్చేది కాదు. నీ దగ్గర ఆరు ఆయుధాలున్నాయి, ఒక్కటీ పండలేదు. ప్రతి లెవెల్‌కీ కొత్తది కనిపించగానే తీసుకున్నావు. కొత్త ఆయుధం చూస్తే చేయి ఆగదు, నాకూ ఆగదు, కానీ పదో నిమిషం దాటినాక బాస్ పెట్టె తెరిచేసరికి ఒక్క ఆయుధమైనా 8లో లేకపోతే ఆ పెట్టె సగం వృథా.

ఇంకో సంగతి కూడా గమనించు. ఆయుధాలు 6, పాసివ్‌లు 6, అంతకు మించి లెవెల్ పెరిగితే ఇవ్వదు. గూళ్లు నిండినాయంటే ఆ తర్వాత వచ్చేవన్నీ నీ దగ్గర ఉన్నవాటి లెవెళ్లే. అంటే నువ్వు తీసుకునే ప్రతి ఐటెమ్‌తో ముందు ముందు నీకేం వస్తాయన్నది నువ్వే రాసుకుంటున్నావు. పనికిరాని పాసివ్ ఒకటి గూట్లో పెట్టుకుంటే దాని లెవెళ్లు నిండేదాకా అది మళ్లీ మళ్లీ వచ్చి ఒక చోటు తింటుంది. నేనైతే మొదటి ఐదు నిమిషాల్లో రెండు ఆయుధాలనే గట్టిగా పట్టుకుని, వాటికి జతపడే పాసివ్‌లకు గూళ్లు దాచిపెడతా. మూడో ఆయుధం ఎంత మెరిసినా తొందరపడను. కొన్ని స్టేజీల్లో పాసివ్‌లు నేల మీదే పడి ఉంటాయి, నడిచి పోయి తెచ్చుకోవచ్చు, ఆరు గూళ్లు నిండినా అవి ఎక్కుతాయి. మిల్కీ వే మ్యాప్ అనే వస్తువు దొరికినాక పాజ్ నొక్కితే అవి ఎక్కడున్నాయో కనిపిస్తాయి. నాలుగు నిమిషాల నడకతో దొరికేదాన్ని "రాలేదు" అంటే ఎట్లా?

రీరోల్ (వచ్చిన ఐటెమ్‌లను మళ్లీ మార్పించడం), స్కిప్ (ఏదీ తీసుకోకుండా వదిలేయడం), బానిష్ కూడా ఇట్లాంటివే. బానిష్ కొడితే ఆ ఐటెమ్ ఆ ఆటలో ఇంక రాదు. నెట్ సెంటర్‌లో పేకాట పిచ్చోడొకడు ఉండేవాడు, దీన్ని చూసుంటే మురిసిపోయేవాడు: కట్టలోంచి చెత్త ముక్కను తీసి కిటికీలోంచి పారేయొచ్చు!

"ఇన్నిసార్లు రాకపోవడం అన్యాయం" అన్నావు చూడు, ఆ మాట నేను చాలా విన్నా. నా మొదటి ఆట ఒక ఊరి గురించి. 30 రోజులు, ఒక బావి, పది కుటుంబాలు. ప్రతి రోజూ వాన వచ్చే ఛాన్స్ 30 శాతం అని కోడ్‌లో రాసినా. అంతే, మోసం చేయలేదు. ఆడిన పిల్లోళ్లు తిట్టింది తిట్టకుండా తిట్టినారు. "వారం రోజులు వాన లేదు, ఆట కావాలని చంపుతోంది" అని. నేనూ అనుమానపడి లెక్క కూర్చుని చేసినా. వాన రాని రోజు 70 శాతం కాబట్టి, వరసగా ఏడు రోజులు ఎండిపోవడం ఒక చోట చూస్తే 8 శాతమే. కానీ 30 రోజుల్లో ఎక్కడో ఒక చోట అట్లాంటి ఏడు రోజుల వరస పడే అవకాశం ఎంతో తెలుసా? 55 శాతం. సగానికి పైగా ఆటల్లో వారం కరువు ఉంటుంది! పిల్లోళ్లు అబద్ధం చెప్పలేదు, ఆట మోసం చేయలేదు. మనిషి మెదడుకు 30 శాతం అంటే "మూడు రోజులకొకటి" అని వినిపిస్తుంది, పాచికకు అట్లా వినిపించదు.

మార్చినా. పది చీటీల సంచి పెట్టినా: మూడు చీటీల మీద వాన, ఏడు ఖాళీ. రోజుకొకటి తీయడం, సంచి అయిపోతే మళ్లీ పది కలపడం. ఇప్పుడు మొదటి ఏడు రోజులూ ఎండే అవకాశం 120లో 1కి పడిపోయింది. తిట్లు ఆగినాయి. కానీ ఇంకొకటి మొదలైంది: రెండు వారాలు తిరక్కుండానే పిల్లోళ్లు చీటీలు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. "ఎనిమిది రోజులైంది, మూడు వానలూ అయిపోయినాయి, ఇంక రెండ్రోజులు రాదు, నీళ్లు దాచు" అని ఒకడు పక్కోడికి చెప్తుంటే విన్నా. నవ్వొచ్చింది, కొంచెం బాధా వేసింది. లక్ తగ్గించినా కాబట్టి స్ట్రాటజీ పెరిగింది, కరువు భయం మాత్రం పోయింది. నిజమైన కరువు చీటీలు లెక్కపెట్టనీయదు కదా.

మా నాయనకు అనంతపురం దగ్గర మెట్ట పొలం. ఈ జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. వాన రాకడ, ప్రాణం పోకడ అని ఊరికే అనలేదు. ముంగారు వానకు పదును అయ్యిందనుకో, పక్క పొలాలోళ్లు ఉన్న విత్తనమంతా ఒక్కరోజులో గొర్రుతో వేసేసేవాళ్లు. మా నాయన సగం వేసి సగం ఆపేవాడు. శెనక్కాయ సాళ్ల మధ్య కంది సాళ్లు వదిలేవాడు. శెనక్కాయకు ఊడలు దిగే సమయంలో వాన ఎగ్గొడితే చేను పోతుంది, కంది మాత్రం ఇంకా చాన్నాళ్లు నిలబడి వెనకొచ్చే వానను అందుకుంటుంది. మంచి ఏడాది ఆయనకు పక్కోళ్ల కంటే తక్కువ పండేది, వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. చెడ్డ ఏడాది మా ఇంట్లో కందిపప్పు ఉండేది.

అడవిలో ఆకలికీ చలికీ తట్టుకుని బతకాల్సిన డోంట్ స్టార్వ్ ఆట ఆడినప్పుడు నాకు మొదటి గంటలోనే అర్థమైంది, ఇది నాయన పొలమే అని. అందులో మన పాత్ర విల్సన్ కడుపు 150, రోజుకు 75 తగ్గుతుంది. ఏం తినకుంటే రెండు రోజులు. నీకు ఏ నేల దొరుకుతుందో, కుందేళ్లు ఎక్కడుంటాయో పాచిక. చలికాలం వచ్చేది మాత్రం కేలండరు ప్రకారమే, మామూలు సెట్టింగుల్లో మొదటి 20 రోజులు దాటినాక. అక్కడ చచ్చేవాళ్లలో ఎక్కువమంది 21వ రోజు చలిని చూసి "బ్యాడ్ లక్" అంటారు. అది లక్ ఎట్లయితుంది, తారీఖు వేసి మరీ వచ్చింది.

ముందంజలో ఉన్నప్పుడు, వెనకబడినప్పుడు ఆడే తీరు మారాలి. ఇది చాలామంది పట్టించుకోరు. నువ్వు బాగా పోతున్నప్పుడు నాయన సేద్యం చెయ్యి: రిస్క్ ఉన్న పెట్టె వెంట శత్రువుల గుంపులోకి దూరొద్దు, ఆర్మర్ (కవచం) తీసుకో, గుంపుకు పక్కగా తిరుగు. 12వ నిమిషానికే ప్రాణం సగమై, ఆయుధాలు చప్పబడి, ఎట్లైనా పోతామని తెలిసినప్పుడు మాత్రం తలకిందులుగా ఆడు. అప్పుడు జాగ్రత్త పడితే నిదానంగా చస్తావు, అంతే తేడా. గుంపులోకి దూరి పెట్టె తెరువు, ఐదు వస్తే బతుకుతావు. ఓడిపోయేవాడికి ఎగుడుదిగుడు కావాలి, గెలిచేవాడికి చదును కావాలి. నీ రాతలు చూస్తే నువ్వు సరిగ్గా తిరగేసి ఆడుతున్నావు: బాగున్నప్పుడు ఎగబడి, పోతున్నప్పుడు మూలకు నక్కుతున్నావు.

ఇక నీ 2/20 సంగతి. దాని మీద ఎక్కువ ఏడవద్దు. నిజంగా ఐదుకు ఒకటి గెలిచే సత్తా ఉన్నవాడికి కూడా 20 ఆటల్లో 2 గానీ అంతకంటే తక్కువ గానీ గెలుపులు రావడం దాదాపు ఐదుసార్లకు ఒకసారి జరుగుతుంది. 20 ఆటలతో నీ స్థాయి తేలదు. నీ రూమ్మేట్ పదికి ఏడు మాత్రం ఊరికే వచ్చేంత చిన్న తేడా అనిపించట్లేదు, వాడి పక్కన కూర్చుని రెండు ఆటలు చూడు. గెలిచినాడా లేదా అని చూడొద్దు. పదో నిమిషానికి వాడి చేతిలో ఏ ఆయుధం ఏ లెవెల్‌లో ఉందో కాగితం మీద రాయి.

వచ్చింది లక్కా కాదా అని తేల్చాలంటే చాలా పెద్ద లెక్కలే కావాలి. 2020లో మైన్‌క్రాఫ్ట్ స్పీడ్‌రన్ (ఆటను ఎంత తొందరగా ముగిస్తామన్న పోటీ) గొడవ విన్నావా? అది డ్రీమ్ అనే యూట్యూబర్ స్ట్రీమ్‌ల మీద. ఆ ఆటలో పిగ్లిన్‌లనే జీవులకు బంగారం ఇస్తే, ఆట ముగించడానికి కావాల్సిన ఎండర్ పెర్ల్ వచ్చే ఛాన్స్ 5 శాతం కంటే తక్కువ. 262 మార్పిడుల్లో పన్నెండో పదమూడో రావాలి, అతనికి 42 వచ్చినాయి. బ్లేజ్ అనే శత్రువును చంపితే బ్లేజ్ రాడ్ సగానికి సగం రావాలి, 305లో 211 వచ్చినాయి. ఒక్క ఆట చూసి ఎవరూ కనిపెట్టలేరు, వందల మార్పిడులు కూడితే తప్ప. మోడరేటర్లు ఆ రన్‌ను కొట్టేసినారు, తర్వాతి ఏడాది అతనే తన ఆటలో మార్పులు చేసే మోడ్ అనే అదనపు ప్రోగ్రామ్ ఉండిందని ఒప్పుకున్నాడు. నీ 20 ఆటల్లో నీకేదో శాపం ఉందని తేల్చాలంటే ఎంత దూరం పోవాలో దీన్నిబట్టి చూసుకో.

నువ్వు చేయాల్సిన పని చిన్నది. ఒక నోటుబుక్కు పెట్టుకో. చచ్చిన ప్రతిసారీ మూడు ముక్కలు రాయి: ఏ నిమిషం, ఆ సమయానికి ఏ ఆయుధాలు ఏ లెవెల్, ఆఖరిసారి నీకు వేరే దారి ఎంచుకునే వీలు ఎప్పుడు ఉండింది. మూడోది కష్టం. "17వ నిమిషంలో గబ్బిలాల గుంపు" అని రాయాలనిపిస్తుంది. వెనక్కి నడిస్తే 6వ నిమిషంలో తీసుకున్న నాలుగో ఆయుధం దగ్గర ఆగుతావు. నేను నా ఆటలకు ఇట్లా రాస్తే పదిలో ఏడెనిమిది చావులు పది నిమిషాల ముందే నిర్ణయమైపోయి ఉండేవి. మిగిలిన రెండు మూడు నిజంగా పాచిక దెబ్బే. వాటికి టీ తాగి మళ్లీ మొదలుపెట్టడమే.

ఆఖరికి లక్ పవరప్. మూడు ర్యాంకులుంటాయి, ఒక్కోదానికి 10 శాతం. నాలుగో ఐటెమ్ రావడానికీ పెట్టెలో ఎక్కువ రావడానికీ పనికొస్తుంది, కాదనను. కానీ మూడింట్లోనే సరిగ్గా ఎంచుకోలేనప్పుడు నాలుగోది వచ్చి ఏం చేస్తుంది? నీ స్థాయిలో ముందు మైట్ (దెబ్బ బలం), ఆర్మర్ కొను, ఆ తర్వాత రీరోల్, బానిష్. నోటుబుక్కులో పాచిక దెబ్బలే ఎక్కువ కనిపించడం మొదలైనాక లక్ కొను. ఇప్పటికే కొనేసి ఉంటే కంగారు పడొద్దు, పవరప్ తెరలో రిఫండ్ బటన్ ఉంది, నొక్కితే గోల్డ్ మొత్తం వెనక్కొస్తుంది.